స్టాండ్‌బై ఉందన్నారు, మరి లేవలేదేం?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రిక మూడో పేజీలో, దరఖాస్తులకు ఆఖరి రోజున సైటు పడిపోయిన వార్త వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం తగ్గాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. తగ్గలేదు.

"సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం కలిగింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని సైటు వాళ్లిచ్చిన ముక్కను మీరు అలాగే అచ్చు వేశారు. కంప్యూటర్ పడిపోతే కారణం సాంకేతికం కాక మరేమవుతుంది? వానలో తడిసినవాడు "నీటి కారణాల వల్ల తడిశాను" అన్నట్టుంది.

దానికన్నా నాకు ఒళ్లు మండింది చివరి వాక్యానికి. "మా దగ్గర స్టాండ్‌బై సర్వర్ కూడా ఉంది" అన్నారట, అదేదో గొప్పలాగా. స్టాండ్‌బై అంటే, అసలుది పడిపోతే దాని పని అందుకోవడానికి సిద్ధంగా ఉంచే రెండో సర్వర్. ఉంటే లేవలేదేం? ఎనిమిది గంటల పాటు జనం తెల్లతెర చూస్తూ కూర్చుంటే అది ఏ మూల నిద్రపోతోంది? దీన్ని మీ విలేకరి అడగనేలేదు.

నేను ముప్పై ఏళ్లు సర్వర్ గదుల్లో రాత్రి డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ని. ఒకచోట, పేరు అనవసరం, మెయిన్ సర్వర్ అర్ధరాత్రి పోయింది. స్టాండ్‌బై మీదికి మారుద్దామని చూస్తే అందులో ఉన్న డేటా రెండు నెలల పాతది. మెయిన్‌లోని డేటాను ఎప్పటికప్పుడు స్టాండ్‌బైలోకి నకలు చేసే రెప్లికేషన్ ఎప్పుడో ఆగిపోయింది. ఆగిందని హెచ్చరిక మెయిల్ రోజూ వెళ్తూనే ఉంది, ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఒకాయన ఇన్‌బాక్సుకి! ఆ రెండు నెలలూ ఆ మిషన్‌కి కరెంటు, ఏసీ, నిర్వహణ కాంట్రాక్టు, ఏదీ ఆగలేదు. ఆడిట్‌లో టిక్కు కూడా పడింది. పని చేయడమొక్కటే ఆగింది.

చేయి తిరిగినవాళ్లకీ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైటులో ఒక ఇంజినీరు స్టాండ్‌బై డేటాబేస్‌లో తుడవాల్సిన ఫైళ్లను పొరపాటున మెయిన్ డేటాబేస్‌లో తుడిచేశాడు. రోజూ తీసే బ్యాకప్ చూద్దామంటే అది చాలాకాలంగా విఫలమవుతోంది, ఆ హెచ్చరిక మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు మరేదో పనికి చేత్తో తీసిన కాపీ ఒకటుండబట్టి బతికారు. ఆ మధ్యలో చేరిన డేటా పోయింది. అయితే వాళ్లేం చేశారు? బాగుచేస్తున్నంతసేపూ ఏం జరుగుతోందో యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాత తప్పంతా విడమరిచి రాసుకున్నారు. మనకు దక్కింది "చింతిస్తున్నాం".

మెయిన్ పడిపోతే పని స్టాండ్‌బై మీదికి మార్చడాన్ని ఫెయిలోవర్ అంటారు. అదంటే స్విచ్ నొక్కడమనుకుంటారు చాలామంది. మెయిన్ మిషన్ క్షణక్షణానికీ "ఉన్నాను" అని కబురు పంపుతుంది, దాన్నే హార్ట్‌బీట్ అంటారు. కబురు ఆగితే మిషన్ చచ్చిందో, మధ్యలో కేబుల్ తెగిందో అవతలి దానికి తెలిసే దారి లేదు. చచ్చిందనుకుని అది పెత్తనం తీసుకుంటే, ఇవతలిది ఇంకా బతికే ఉంటే, ఒకే ఒరలో రెండు కత్తులు. రెండింటిలోనూ వేర్వేరు లెక్కలు చేరిపోతాయి. అందుకే మూడో ఐదో మిషన్లు పెట్టి, సగానికి మించి ఒప్పుకుంటేనే పెత్తనం మార్చడం అనే పద్ధతి వచ్చింది. అదున్నా చాలదు. 2018 అక్టోబరులో, గిట్‌ల్యాబ్ లాంటిదే అయిన గిట్‌హబ్‌కి రెండు చోట్ల మధ్య కనెక్షన్ తెగింది 43 సెకన్లు. ఆ కాస్తలోనే ఫెయిలోవర్ దానంతటది జరిగి, రెండు వైపులా రెండోవైపు లేని డేటా మిగిలింది. ఆ చిక్కు విప్పి సేవ మామూలు కావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. త్వరగా తెరవడం కన్నా డేటా చెడకుండా చూడటమే ముఖ్యమనుకున్నామని వాళ్లే చెప్పారు. అది ఒక నిర్ణయం, దానికో కారణం. నచ్చకపోతే వాదించవచ్చు. "సాంకేతిక కారణాల"తో ఏం వాదించాలి?

ఇక 99.9 శాతం అప్‌టైమ్, అంటే అంత శాతం సమయం సేవ నడుస్తుంది అని గోడలకు అంటించుకునేవాళ్ల సంగతి. 99.9 అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు మూతపడవచ్చని. మన సైటు వాళ్లు ఏడాది కోటా దాదాపుగా ఒక్క రోజులో, అదీ ఆఖరి రోజున వాడేశారు. కాగితం మీద మాత్రం మాట తప్పలేదు! పైగా లాగిన్ ఒకచోట, డబ్బు కట్టడం మరోచోట, ఓటీపీ ఇంకోచోట. ఇలాంటి పది సేవలు, ఒక్కొక్కటీ 99.9 శాతం నడిచేవే, ఒకదాని మీద ఒకటి ఆధారపడితే మొత్తం 99కి దిగుతుంది. అంటే ఏడాదికి మూడున్నర రోజులకు పైనే. అసలుందని కూడా తెలియని కంప్యూటరేదో చెడిపోయి మన కంప్యూటర్ పనికిరాకుండా పోతే అదే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ (పలు కంప్యూటర్లు కలిసి నడిపే ఏర్పాటు) అని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1987లోనే వేళాకోళమాడాడు.

మా వృత్తిలో పారదర్శకత అనే మాటకు అర్థం వేరు. వెనక వంద మిషన్లున్నా వాడేవాళ్లకు ఒక్కటే అనిపించాలి, అందులో ఒకటి చచ్చినా వాళ్లకు తెలియకూడదు. శుభ్రమైన అద్దం ఉన్నట్టే తెలియదు కదా, అలా. మంచి గుణమే. మన అధికారులు దీన్ని మరీ శ్రద్ధగా పాటిస్తున్నారు. వందకు వంద చచ్చినా మనకు తెలియకూడదనుకుంటున్నారు. ఆ రోజు సైటు తెరుచుకోలేదు గానీ ఏ సేవ నడుస్తోందో ఏది ఆగిందో చూపే వాళ్ల స్టేటస్ పేజీలో మాత్రం అన్ని గడులూ పచ్చగా మెరిశాయి. అమెజాన్‌కీ 2017 ఫిబ్రవరి 28న ఇదే గతి పట్టింది. వాళ్ల స్టోరేజీ సేవ పడిపోతే ఆ సంగతి స్టేటస్ పేజీలో పెట్టలేకపోయారు, ఆ పేజీని మార్చే సాధనమూ ఆ స్టోరేజీ మీదే నడుస్తోంది. ఆ మాటా వాళ్లే రాశారు, కమాండ్ తప్పుగా కొట్టిన సంగతితో సహా. ఇక్కడ ఎవరి వేలు ఎక్కడ జారిందో తెలుసుకోవాలంటే మనం మళ్లీ పుట్టాలి.

హెల్ప్‌లైన్ గురించి రాయకూడదనుకున్నాను, ఉండబట్టడం లేదు. ఫోనెత్తిన అమ్మాయి "మీ ఇంటర్నెట్ చూసుకోండి సార్" అంది. పాపం ఆమెను అని లాభం లేదు, ఆమె ముందున్న తెర కూడా పచ్చగానే ఉండి ఉంటుంది. ఇదివరకు కౌంటర్ మూస్తే కనీసం ఒక అట్ట వేలాడదీసేవారు.

అయ్యా, ఈసారి ఎవరైనా "స్టాండ్‌బై ఉంది" అని చెబితే, దాని మీద ఒక పూర్తి రోజు పని నడిపింది ఆఖరిసారి ఎప్పుడని మీ విలేకరి చేత అడిగించండి. తేదీ చెబితే వేయండి. చెప్పకపోతే, అడిగాం చెప్పలేదు అని అదే సైజు అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సిస్టమ్స్ ఇంజినీరు