అనుమానం ఉంటే డబ్బు పంపకముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ మోసాల మీద వార్త వచ్చిన ప్రతిసారీ చివర్లో ఒకే సలహా కనిపిస్తుంది: ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. ఉండాల్సిందే, కాదనను. కానీ డబ్బు పంపే మనిషికి అవతలి ఖాతా గురించి తెలిసేది పేరు, నంబరు మాత్రమే. ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, అందులోకి ఎవరెవరి డబ్బు వచ్చి పడుతోంది, వచ్చిన సొమ్ము ఎంతసేపు నిలుస్తోంది, ఇప్పటికే ఫిర్యాదులేమైనా ఉన్నాయా అన్నవి తెలిసేది బ్యాంకులకే. తెలిసినవాళ్లు నోరు మెదపకుండా, తెలియనివాళ్లను జాగ్రత్తగా ఉండమనడం న్యాయం కాదు. ఫలానా ఖాతా మీద అనుమానం ఉంటే ఆ మాట డబ్బు కదలకముందే చెప్పాలి. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

నేరగాళ్లు సొంత పేరుతో డబ్బు తీసుకోరు. కమీషన్ ఆశ చూపి ఎవరిదో ఖాతా వాడుకుంటారు. మ్యూల్ ఖాతాలంటున్నది వీటినే. నెలల తరబడి కదలిక లేని ఖాతాలోకి ఉన్నట్టుండి సంబంధం లేని మనుషుల నుంచి సొమ్ము జమవుతుంది. నిమిషాల్లో ముక్కలుముక్కలై వేరే ఖాతాలకు పోతుంది. ఈ తీరును కంప్యూటర్ పసిగట్టలేక కాదు. ఇలాంటి ఖాతాలను గుర్తించడానికి భారత రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాధనాన్నే తయారు చేసింది. 2024 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల్లో అనుమానితుల జాబితా (సస్పెక్ట్ రిజిస్ట్రీ) కూడా మొదలుపెట్టింది. వియత్నాం కేంద్ర బ్యాంకు కూడా అనుమానిత ఖాతాల సమాచారాన్ని బ్యాంకుల మధ్య పంచుకునే ఏర్పాటు చేసుకుంది. అంటే సమాచారం ఉంది. అది ఖాతాదారు ఫోన్ తెర దాకా రావాలి. బాధితుడు ఫిర్యాదు చేశాక, డబ్బు ఎక్కడెక్కడికో చేరిపోయాక ఖాతాను ఫ్రీజ్ చేయడం దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటోంది.

పంపేముందు అవతలివారి పేరు చూపించడం మంచి మార్పే. బ్రిటన్‌లో పెద్ద బ్యాంకులు దీన్ని 2020లో మొదలుపెట్టాయి. యూరో వాడే దేశాల్లో 2025 అక్టోబరు 9 నుంచి తప్పనిసరి అయింది. భారత్‌లో ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు 2025 ఏప్రిల్ 1లోగా ఈ సదుపాయం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అంకె తప్పు కొట్టినవాళ్లను ఇది కాపాడుతుంది. మోసగాడి నుంచి మాత్రం అన్నిసార్లూ కాపాడదు. ఎందుకంటే వాడు ముందే చెప్పేస్తాడు, ‘ఫలానా పేరు వస్తుంది, మా అకౌంట్స్ ఆఫీసర్ ఆయనే’ అని. తెర మీద సరిగ్గా అదే పేరు కనిపించేసరికి, మనసులో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోతుంది.

మా పెద్దమ్మ విషయంలో జరిగిందిదే. పోలీసు అధికారినంటూ ఫోన్ చేసినవాడు కాల్ కట్ చేయనివ్వలేదు. ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి. బ్యాంకు యాప్‌లో హెచ్చరికగా కనిపించిందల్లా ‘మోసాల పట్ల జాగ్రత్త వహించండి’ అన్న చిన్న అక్షరాల వరుస. కరెంటు బిల్లు కట్టినా అదే వరుస, కొడుక్కి డబ్బు పంపినా అదే. దాని కింద ‘సరే’ అన్న బటన్. రోజూ నొక్కినట్టే నొక్కేసింది. అందరికీ, అన్నిటికీ ఒకేలా చూపించే హెచ్చరిక కొన్నాళ్లకు కంటికి ఆనదు.

అక్కడ కనిపించాల్సింది ఇది: ‘ఈ ఖాతా మీద మోసం ఫిర్యాదులున్నాయి. పోలీసులు గానీ బ్యాంకు గానీ ఫోన్ చేసి డబ్బు బదిలీ చేయమని అడగరు. ఈ హెచ్చరికను పట్టించుకోవద్దని ఎవరైనా లైన్‌లో ఉండి చెబుతుంటే, మోసం చేస్తున్నది వాళ్లే.’ ఖాతాదారు చదవగలిగిన భాషలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ చివరి వాక్యం మరీ ముఖ్యం. నేరగాళ్లు ఏ తెర తర్వాత ఏ తెర వస్తుందో తెలుసుకుని, ఏం నొక్కాలో నేర్పిస్తూ ఉంటారు మరి.

మాట ఒక్కటే చాలని చోట కాస్త వ్యవధి కూడా కావాలి. మోసం జరుగుతోందని నమ్మడానికి తగిన కారణముంటే చెల్లింపును అదనంగా 72 గంటల వరకు ఆపే వీలు బ్రిటన్ బ్యాంకులకు 2024 అక్టోబరు చివర్లో వచ్చింది. అర్జెంటు పనులు ఆగిపోతాయన్న అభ్యంతరం సబబే. అందుకే ఆపడం అనేది మొదటిసారి డబ్బు పంపుతున్న ఖాతాకు, అదీ బలమైన అనుమానం ఉన్నప్పుడే జరగాలి. రోజూ పంపే వాళ్లకు పంపే డబ్బును ఎవరూ ఆపమనడం లేదు.

పొరపాటున మంచివాళ్ల ఖాతాకు అనుమానితమన్న ముద్ర పడితే? ఇది చిన్న భయం కాదు. చిన్న వ్యాపారికి ఆ ముద్ర పడితే గిరాకీ పోతుంది, పరువూ పోతుంది. కాబట్టి ముద్ర వేసిన వెంటనే ఆ ఖాతాదారుకు తెలియజేయాలి. కారణం చెప్పాలి. అభ్యంతరం వినడానికి చాట్‌బాట్‌ను కాకుండా మనిషిని పెట్టాలి. గడువులోగా తేల్చాలి. అయినా ఖాతాను మొత్తంగా స్తంభింపజేయడంతో పోలిస్తే హెచ్చరికతో జరిగే నష్టం తక్కువ. పంపాలా వద్దా అన్నది అప్పటికీ పంపేవారి చేతిలోనే ఉంటుంది.

ఇక బాధ్యత సంగతి. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలా మోసపోయి పంపిన సొమ్మును ఒక పరిమితి వరకు బ్యాంకులే తిరిగి ఇవ్వాలి. అందులో సగం భారం డబ్బు అందుకున్న ఖాతా ఉన్న బ్యాంకుది. నాకు బాగా నచ్చినది ఆ సగమే. దొంగ ఖాతాను తెరవనిచ్చిన బ్యాంకుకూ నష్టం తగిలితేనే, ఖాతాలు తెరిచేటప్పుడు, వాటిలో కదలికలు చూసేటప్పుడు శ్రద్ధ పెరుగుతుంది.

మీ పత్రిక ద్వారా బ్యాంకులన్నిటినీ ఒక ప్రశ్న అడగండి. వచ్చిన జవాబులను బ్యాంకుల పేర్లతో సహా ప్రచురించండి. అనుమానితుల జాబితాలో ఉన్న ఖాతాకు ఒక ఖాతాదారు ఈరోజు డబ్బు పంపబోతే, మీ యాప్ ఆయనకు ఏం చూపిస్తుంది?

ఇట్లు,
ఒక బ్యాంకు ఖాతాదారు