రీలు డబ్బా మూత తీసి ముందు వాసన చూడండి

సంపాదకులకు,

ఒకప్పుడు ‘కరుణామయుడు’ వంటి సినిమాలను చర్చి ఆవరణల్లో తెర కట్టి చూపించేవారు. ఆ కాలపు 16 ఎంఎం (16 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మ్) రీళ్లు హన్మకొండ, డోర్నకల్, కరీంనగర్ వైపు పాత చర్చిల సామాన్ల గదుల్లో ఎక్కడైనా మిగిలి ఉంటే, పండుగకు సున్నం వేస్తూ వాటిని తుక్కులో కలిపేయకండి.

అమెరికాలో జేమ్స్, ఎలోయిస్ గిస్ట్ అనే నల్లజాతి సువార్తికులైన దంపతులు 1930లో ‘హెల్‌బౌండ్ ట్రైన్’ అనే మూకీ తీశారు. రైలు నడిపేది సాతాను. తాగుబోతులకు ఒక పెట్టె, జూదగాళ్లకు ఇంకొకటి. ఊరూరా నల్లవాళ్ల చర్చిల్లో దాన్ని వేసి, ప్రసంగం చేసేవారు. థియేటర్లకు అమ్మిన సినిమా కాదు, కాబట్టి ఏ స్టూడియో దగ్గరా ఇంకో కాపీ లేదు. చివరికి అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది అతుకులు ఊడిన ముక్కలే. ఏ ముక్క తర్వాత ఏది రావాలో తేల్చి సినిమా అధ్యాపకుడు టోరియానో బెర్రీ మళ్లీ కూర్చారు. నల్లజాతి దర్శకుడు స్పెన్సర్ విలియమ్స్ 1941లో సుమారు 5,000 డాలర్లతో టెక్సాస్‌లో తీసిన ‘ద బ్లడ్ ఆఫ్ జీసస్’ కూడా పోయిందనే అనుకున్నారు. 1980ల నడుమ టైలర్ పట్టణంలోని ఒక గోదాములో ప్రింట్లు దొరికాయి. 1991లో అది అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది.

మన రీళ్ల సంగతి. వెనిగర్ వాసన ఘాటుగా కొడితే ఫిల్మ్‌లోని అసిటేట్ (పట్టీ తయారైన ప్లాస్టిక్) విరుగుతోందని అర్థం. వేడికీ తేమకూ మొదలయ్యే ఈ జబ్బులో పుట్టిన ఆమ్లమే దాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. ఆ డబ్బాను మిగతావాటికి దూరంగా, గాలి ఆడేచోట పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టొద్దు, ఆ ఆవిరి లోపలే నిలుస్తుంది. రేకుల గది అసలే వద్దు, మన వరంగల్ ఎండల్లో అది పొయ్యితో సమానం.

“ఒక్కసారి వేసి చూద్దాం” అని ప్రొజెక్టర్‌కు ఎక్కించడమే అసలు ప్రమాదం. పాత ఫిల్మ్ కుంచించుకుపోతుంది. కొత్త 16 ఎంఎం ముక్కను పక్కన పరిచి, అంచు రంధ్రాలు వంద లెక్కపెట్టండి. కొత్త దానిలో వంద ఉన్నంత పొడవులో పాత దానిలో 101 పడితే ఫిల్మ్ ఒక శాతం కుంచించుకున్నట్టే. ప్రొజెక్టర్ పళ్లు రంధ్రాల్లో సరిగ్గా కూర్చోక అంచును చీల్చుకుంటూ పోతాయి. అలాంటి రీలును పళ్ల చక్రం లేని స్కానర్ మీదే తీయించాలి.

తెగినచోట సెలోటేప్ అంటించకండి, దాని జిగురు కారి పక్క చుట్టుకూ అంటుకుంటుంది. డబ్బా మీది చీటీలు పీకొద్దు, ఫొటో తీసి పెట్టుకోండి. రీళ్ల వరుస తెలిసేది వాటివల్లే. 1,200 అడుగుల టాకీ రీలు 33 నిమిషాలు నడుస్తుంది. ఆ లెక్కన మీ సినిమాకు ఎన్ని రీళ్లు తక్కువో తేల్చుకోవచ్చు. రంగు వెలిసి బొమ్మ అంతా ఎర్రబడినా పారేయకండి, స్కాన్ చేశాక కొంత రంగు వెనక్కి తేవచ్చు. డబ్బాల జాబితా రాసి పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు పంపండి.

– ఒక పాఠకుడు, కాజీపేట