‘సమర్థన’ కాదండీ, తీర్పు

సంపాదకుడు గారికి,

ప్రొటెస్టెంట్ క్రైస్తవుల సంస్కరణ దినం సందర్భంగా అక్టోబరు 31న మీరు వేసిన వార్తకు సవరణ వస్తుందేమోనని తొమ్మిది రోజులు చూశాను. రాలేదు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 1517లో విట్టెన్‌బర్గ్ చర్చి తలుపుకు ‘విశ్వాసం ద్వారా సమర్థన’ సిద్ధాంతాన్ని మేకులతో కొట్టాడట! ఆయన అప్పుడు రాసింది 95 అంశాలు; వాటి గొడవంతా, పాపాలకు శిక్ష తగ్గుతుందని చెప్పి చర్చి ఇచ్చే పాపపరిహార పత్రాల అమ్మకం మీద. తలుపు సంగతే చరిత్రకారులు అనుమానిస్తారు. అది పోనివ్వండి, ‘సమర్థన’ ఏమిటి? ‘జస్టిఫికేషన్’ అనే ఇంగ్లీషు మాటను కంప్యూటర్‌లో వేసి, అది కక్కినదాన్ని అచ్చుకు పంపినట్టున్నారు. 1842 నుంచి లూథరన్ మిషన్ ఉన్న గుంటూరులో సండే స్కూలు పిల్లను అడిగినా ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అని చెప్పేది. ఒకప్పుడు అనుమానం వస్తే నలుగురిని అడిగి రాసే ఉపసంపాదకులు ఉండేవారు.

సమర్థించుకోవడం తప్పు చేసినవాడి పని. మన నాయకులు రోజూ చేస్తారు, మీరు రోజూ మొదటి పేజీలో వేస్తారు. బైబిల్లో అపొస్తలుడు పౌలు చెప్పింది దీనికి తలకిందులు. బోనులో ఉన్నవాడికి తన తరఫున చెప్పుకోవడానికి ఒక్క ముక్క లేదు. అయినా క్రీస్తును బట్టి అతన్ని నీతిమంతుడని దేవుడే తీరుస్తాడు. తెలుగు ‘తీర్చు’లో తీర్పూ ఉంది, తీర్చిదిద్దడమూ ఉంది. లూథరన్లు తీర్పును పట్టుకున్నారు. తీర్చిదిద్దడం కూడా అందులో భాగమేనని 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ అంది. అంత పెద్ద తగాదా ఇమిడిన మాటను చేతిలో పెట్టుకుని ‘సమర్థన’ అంటారా!

పైగా ఈ విషయంలో కాథలిక్కులు, లూథరన్లు నేటికీ కత్తులు నూరుకుంటున్నారని రాశారు. 1999లో, అదీ అక్టోబరు 31నే, ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద ఇద్దరూ సంతకాలు చేశారు. 2006లో మరో ప్రొటెస్టెంట్ శాఖవారైన మెథడిస్టులూ చేరారు. తేడాలన్నీ పోలేదు గానీ, ఒకరి బోధ మీద ఒకరు పెట్టిన పాత శాపనార్థాలు ఆ ప్రకటనలోని బోధకు వర్తించవని ఒప్పుకున్నారు.

మావాళ్లనూ వదలను. మన క్రియల వల్ల కాదు, కృప వల్లనే అని ప్రసంగాలు వినే మా చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరే. ఈమధ్య ఒకరు గోడ గడియారం ఇచ్చారు. అందులో వారి కుటుంబం ఫోటో ఎంత నిండుగా ఉందంటే అంకెలు కనబడవు; పాస్టరు గారు ప్రసంగం మధ్యలో చేతి గడియారమే చూసుకుంటున్నారు. కమిటీ ఎన్నికల సంగతి రాయాలంటే మీ పేజీ చాలదు.

సవరణ మొదటి పేజీలో వేయక్కర్లేదు. తప్పు వేసిన చోటే వేయండి.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, గుంటూరు