ట్రైలరు నేల కింద మీరు చేసిన పని గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
ఆటోనగర్, విజయవాడ.

అయ్యా,

సెలవులకు వెళ్లే కుటుంబాలకు క్యారవాన్ ట్రైలరును అద్దెకిచ్చి బతుకుతున్నవాణ్ణి. ఏప్రిల్‌లో దాని నేల కింద వేడి రాకుండా మీ షెడ్డులో పని చేయించాను. 50 మిల్లీమీటర్ల పఫ్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోము పలక) వేస్తామని, సందులన్నీ ఫోముతో నింపుతామని, అడుగున అల్యూమినియం రేకు బిగిస్తామని మీ కొటేషన్‌లోనే రాసి ఇచ్చారు. ఆ లెక్క ప్రకారమే 62,000 రూపాయలు చెల్లించాను.

మొన్న వానలో గుంటూరు వస్తుంటే, కాజ టోల్‌గేటు దాటాక వెనక లారీ డ్రైవరు హారన్ కొట్టి ఆపించాడు. ట్రైలరు కింద నుంచి తెల్లటి ముక్కలు రాలుతున్నాయట. ఇంటికి చేరి టార్చి పట్టుకుని కిందికి దూరాను. రేకు అసలు లేదు. పఫ్ బోర్డుకు బదులు 25 మిల్లీమీటర్ల థర్మోకోల్! జిగురు తగిలిన చోటల్లా అది కరిగి, వేలు దూరేంత గుంటలు పడింది. ద్రావకం కలిసిన జిగురు థర్మోకోల్‌ను తినేస్తుందన్నది ఈ పని చేసేవారికి తెలియని సంగతి కాదు. చక్రాలు చిమ్మిన నీరు ఆ గుంటల్లోంచి ఎక్కి, తలుపు దగ్గర ప్లైవుడ్ ఉబ్బిపోయింది.

ఇనుప అడ్డకమ్మీలను మీరు కప్పనే లేదు. ఇనుము థర్మోకోల్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పోనిస్తుంది. మే నెల తారురోడ్డు సెగ ఆ కమ్మీల గుండా నేరుగా లోపలికి వస్తుంటే ఏసీకి విశ్రాంతి ఎక్కడిది? ఎండ ముందుగా కాల్చేది పైకప్పునే కాబట్టి దాన్ని నిరుడే బాగు చేయించాను. మిగిలింది నేల ఒక్కటే. జనరేటరుకు డీజిలు మాత్రం ఇప్పటికీ మునుపటంతే పోస్తున్నాను.

సూర్యలంకకు వెళ్లొచ్చిన ఒక పెద్దావిడ, మంచం ఎక్కలేక నేల మీద చాప వేసుకున్నారు. "కింద పొయ్యి పెట్టినట్టుంది బాబూ" అన్నారు. ఆవిడకు నేనేం సమాధానం చెప్పాలి?

థర్మోకోల్ మొత్తం తీసేసి, ఉబ్బిన ప్లైవుడ్ మార్చి, కమ్మీలను కూడా కప్పి, ఒప్పుకున్న పనిని మీ ఖర్చుతో పూర్తి చేయండి. లేదా 15 రోజుల్లో నా డబ్బు తిరిగి ఇవ్వండి. రెండూ జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొటేషన్, బిల్లు, ఫోటోలు జతచేశాను.

శనివారం వరకు ట్రైలరు మా ఇంటి ముందే ఉంటుంది. కిందికి దూరి చూడటానికి మీరే స్వయంగా రండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
గుంటూరు.