కాలేజీ వాలీబాల్ కోచ్: ఏ కాగితం ఏ ఉద్యోగానికి?

సంపాదకులకు నమస్కారం.

‘ఎన్‌ఐఎస్ (పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ కోర్సు చేస్తే కాలేజీలో కోచ్ ఉద్యోగం వస్తుందా?’ నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ గ్రౌండ్లలో డిగ్రీ పిల్లలు తరచూ అడిగే మాట ఇది. అదొక్కటే చేస్తే రాదు. మన డిగ్రీ కాలేజీల్లో ఉండేది ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్‌తో పాటు వాలీబాల్ జట్టునూ చూసుకునేది ఆయనే.

ఆ పోస్టుకు దారి వేరు. డిగ్రీ తర్వాత పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్యలో రెండేళ్ల బీపీఈడీ, ఆపైన రెండేళ్ల పీజీ ఎంపీఈడీ, అందులో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష. చాలామంది లెక్క ఇక్కడితో ఆగుతుంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల్లో ఇంకో రెండున్నాయి. ఒకటి 12 నిమిషాల పరుగు: ముప్పై ఏళ్లలోపు మగవారైతే 1800 మీటర్లు, ఆడవారైతే 1000. వాలీబాల్ ఆడేవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. రెండోది కాలేజీకో యూనివర్సిటీకో, లేదా రాష్ట్ర, జాతీయ పోటీల్లోనో ఆడినట్టు రికార్డు. చిక్కంతా దీనితోనే. దసరా టోర్నీల్లో ఎన్ని కప్పులు కొట్టినా ఇక్కడ చెల్లవు. డిగ్రీలో ఉండగానే ఇంటర్ కాలేజియేట్ (కాలేజీల మధ్య పోటీలు) ఆడి, మహాత్మాగాంధీ యూనివర్సిటీకో పాలమూరు యూనివర్సిటీకో సెలక్టయితే ఆ సర్టిఫికెట్ భద్రంగా పెట్టుకోవాలి. పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే పడిందా అని చేతికిచ్చిన రోజే చూసుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా పడితే ఏళ్ల తర్వాత దిద్దించుకోవడం నరకం.

అయితే ఎన్‌ఐఎస్ దండగా? కాదు. ఆట నేర్పడం వచ్చేది అక్కడే. కాకపోతే పటియాలాలో చేసే డిప్లొమా వేరు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరు. కోచ్ పోస్టుకు డిప్లొమా అడిగినచోట ఆరు వారాల కాగితం పెడితే దరఖాస్తు పక్కన పడేస్తారు.

నేర్పడం రాని చోట ఏమవుతుందో గ్రౌండ్లో వాలీబాల్ నెట్ దగ్గరే తెలిసిపోతుంది. మట్టి గ్రౌండ్లో స్తంభాలు లోపలికి వంగుతాయి, నెట్ నడుమ జారుతుంది. మగవారి ఆటకు నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవారి ఆటకు 2.24. కొలవాల్సింది నడుమ. రెండు పక్కగీతల మీదా ఎత్తు సమానంగా ఉండాలి, ఈ కొలత కన్నా 2 సెంటీమీటర్లకు మించి పెరగకూడదు. మనవాళ్లు స్తంభం దగ్గర కొలిచి వదిలేస్తారు. నడుమ నాలుగు వేళ్లు తగ్గిన నెట్ మీద ఏడాదంతా స్మాష్ కొట్టిన కుర్రాడు సౌత్‌జోన్ యూనివర్సిటీ పోటీలకు పోతే బంతి నెట్ టేపుకే తగులుతుంది. బయట మాత్రం ‘ఫామ్ పోయింది’ అంటారు. ఇంకొకటి, ఊరి ఆటల్లో సెట్టర్ (స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చే ఆటగాడు) బంతిని కాస్త పట్టి వదిలినా ఎవరూ విజిల్ వేయరు. పెద్ద పోటీల్లో అదే పాయింటు పోగొడుతుంది. ఈ అలవాటు మొదటి ఏడాదే మాన్పించాలి, మూడో ఏడాదికి చేతులు మాట వినవు.

అందుకే ఫిజికల్ డైరెక్టర్ ఒక్కరి మీదే అన్ని ఆటలూ వేయకుండా, ఇంటర్ కాలేజియేట్‌కు ముందు రెండు మూడు నెలలైనా డిప్లొమా ఉన్న కోచ్‌లను గౌరవ వేతనం మీద తీసుకోవాలని మా రెండు జిల్లాల యూనివర్సిటీలను కోరుతున్నాం. మీ పత్రిక కెరీర్ పేజీలోనూ ఫిజికల్ డైరెక్టర్, కోచ్ అర్హతలను ఒకే గాటన కట్టకుండా విడివిడిగా వేయండి. పీఈసెట్ నోటిఫికేషన్ పడే వారంలోనే వేస్తే పిల్లలకు పనికొస్తుంది.

– వాలీబాల్ శిక్షకులు, నల్లగొండ