నేనుంటున్న ఊరు ఒకప్పుడు బెర్లిన్

ఒసేయ్ కమలా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఫోన్ చేసినప్పుడు ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. బాబుకి జలుబు తగ్గింది, ఈయనకి షిఫ్టు మారింది, నువ్వు పంపిన కందిపొడి అయిపోయింది. నీ కూతురి కాలేజీ సంగతి విడిగా రాస్తాను, ఇప్పుడు కాదు. ఇప్పుడు ఒక విషయం నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేనుంటున్న ఈ కిచెనర్ అసలు పేరేమిటో తెలుసా? బెర్లిన్! టొరంటోకి ఓ వంద కిలోమీటర్ల దూరంలో, ఒంటారియోలో, ఒక బెర్లిన్. మా కేర్ హోమ్‌లో తొంభై దాటిన పెద్దావిడ ఉంది. పేరు రాయను, నేను మనసులో మామ్మ అనుకుంటాను. మొన్న పొద్దున జడ వేస్తుంటే "మా నాన్న బెర్లిన్‌లో పుట్టాడు" అంది. "జర్మనీ నుంచి వచ్చారా?" అన్నాను. "లేదు, ఇక్కడే, ఈ వీధి చివర" అంది. అంతే, ఆ రోజంతా నాకు వేరే ధ్యాస లేదు. డ్యూటీ దిగగానే లైబ్రరీకి పోయాను. మూసేదాకా కదిలితే ఒట్టు.

మొదట అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు వచ్చారట ఇక్కడికి, వాళ్ళ వెనక జర్మనీ నుంచి పనివాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేనాటికి ఊళ్ళో పదిమందిలో ఏడుగురు జర్మన్ మూలాలవాళ్ళే. చర్చిలో జర్మన్, పేపరు జర్మన్, దుకాణంలో బేరం జర్మన్. మేము అప్పుడు ఫోటో దిగి పంపామే, విక్టోరియా పార్కు, అక్కడ 1897లో జర్మన్ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ విగ్రహం పెట్టారు. పార్కు పేరు ఇంగ్లండు రాణిది, విగ్రహం జర్మన్ రాజుది. ఎవరికీ తప్పనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? ఆమె కూతుర్ని ఈయన కొడుక్కే ఇచ్చారు, వాళ్ళిద్దరూ వియ్యాలవారే!

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. ఆ నెలలోనే ఆ విగ్రహాన్ని ఎవరో పీకి పార్కులోని చెరువులో పడేశారు. బయటికి తీసి జర్మన్ క్లబ్బులో దాచారు. 1916 ఫిబ్రవరిలో ఇక్కడి 118వ బెటాలియన్ సైనికులు ఆ క్లబ్బు మీద పడి, సామాను ధ్వంసం చేసి, విగ్రహాన్ని వీధుల్లో ఊరేగించారు. మరుసటి నెలలో టాపర్ట్ అనే లూథరన్ పాస్టర్ని ఇంట్లోంచి లాగి, నడివీధిలో కొడుతూ ఈడ్చుకుపోయారు. సైన్యంలో చేరేవాళ్ళు చాలడం లేదని రోడ్డు మీద కనబడ్డ కుర్రాళ్ళని పట్టుకుని నిలదీసేవారట. ఇదంతా నేను రోజూ బస్సెక్కే కింగ్ స్ట్రీట్ చుట్టుపక్కలే జరిగిందే! నేను అదే బస్సులో కూర్చుని నీతో ఫోన్లో గట్టిగా తెలుగు మాట్లాడతానా, ఎవరూ తల తిప్పి చూడరు. మామ్మ వాళ్ళ నాన్నని మాత్రం వీధిలో జర్మన్ మాట్లాడొద్దని ఇంట్లో కట్టడి చేశారట. ఆయన పిల్లలకీ నేర్పలేదు. ఆవిడకి ఇప్పుడు వచ్చిందల్లా అంకెలు, ఒక ప్రార్థన. అది చెప్పి చూపించింది. నాకు... సరే, తర్వాత సంగతి విను.

ఊళ్ళో ఫర్నిచరు, బొత్తాలు, చొక్కాలు, తోలు సామాను తయారుచేసే ఫ్యాక్టరీలు బోలెడు. "మేడ్ ఇన్ బెర్లిన్" అని ఉంటే బయట ఎవరు కొంటారని యజమానులకు టెన్షన్. ఊరి పేరు మార్చాలని పట్టుబట్టారు. 1916 మే 19న ఓటింగ్ పెట్టారు. మార్చాలన్నవాళ్ళు 1,569, వద్దన్నవాళ్ళు 1,488. ఎనభై ఒక్క ఓట్లే తేడా! అంత గొడవలోనూ, సైనికులు వీధుల్లో తిరుగుతుండగా వద్దని ఓటేసిన ఆ 1,488 మందిని తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

తర్వాత కొత్త పేరు కోసం జూన్‌లో ఇంకో ఓటింగ్. పరిశీలనకి వచ్చిన పేర్లలో 'హైడ్రో సిటీ' ఉందంటే నమ్ముతావా? చివరి జాబితాలో 'అడనాక్' అని ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి తిరగేసి చదువు. కెనడా! లమకా, నువ్వూ నేనూ ఆ ఊళ్ళో ఉంటే కచ్చితంగా దానికే ఓటేసేవాళ్ళం. వార్డెన్ అమ్మగారి పేరు తిరగేస్తే ఏమొచ్చిందో ఇక్కడ రాయను, నీ కూతురు చదువుతుంది.

ఇంతలో, జూన్ 5న, బ్రిటిష్ యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్ వెళ్తున్న ఓడ మునిగి ఆయన చనిపోయాడు. ఆ పేరూ జాబితాలో చేరింది. మే నెలలో మూడు వేల పైచిలుకు ఓటేస్తే ఈసారి వచ్చింది 892 మందే. అందులో 346 ఓట్లు కిచెనర్‌కి. సెప్టెంబరు 1 నుంచి ఊరు కిచెనర్ అయిపోయింది. ఈ కిచెనర్ మనకీ తెలిసినవాడే. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సైన్యాధిపతి. 1905లో వైస్రాయి కర్జన్ రాజీనామా చేసి పోయింది ఈయనతో తగువు వల్లే. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ శిబిరాల్లో పెట్టి వేలమంది చావుకి కారణమైందీ ఈయనే. అలాంటి మనిషి పేరు రోజూ నా అడ్రసులో రాసుకుంటున్నాను. నాకు కోపంగా ఉందే.

ఇది ఒక్క ఊరి కథ కూడా కాదు. శత్రుదేశాల నుంచి వచ్చారని కెనడా అంతటా ఎనభై వేల మంది పేర్లు నమోదు చేయించారు. ఎనిమిదిన్నర వేల మందిని శిబిరాల్లో బంధించారు. వాళ్ళలో ఎక్కువమంది ఉక్రేనియన్లు, ఆస్ట్రియా పాలనలోని పల్లెల నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్ళు. పోయినేడు మేము బాన్ఫ్ కొండలు చూడ్డానికి వెళ్ళాం కదా, అక్కడి రోడ్ల పని వాళ్ళ చేత చేయించారు. జీతంలో కోసే ఆదాయపు పన్ను కూడా ఆ యుద్ధం ఖర్చు కోసం 1917లో మొదలైందే. అదే ఏడు సైనికుల తల్లులకి, భార్యలకి, అక్కచెల్లెళ్ళకి ఓటిచ్చారు. కానీ అదే చట్టంతో, శత్రుదేశంలో పుట్టి 1902 మార్చి తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్ళ ఓటు ఊడబీకారు. ఒక ఇంటి ఆడదానికి ఇచ్చి, పక్కింటివాళ్ళ దగ్గర లాక్కున్నారు. మహిళలకు ఓటు వచ్చిందని మనం పరీక్షలో ఒక్క ముక్కలో రాసేవాళ్ళం చూడు...

అసలు ముఖ్యమైనది మిగిలిపోయింది. ఇక్కడి మౌంట్ హోప్ శ్మశానంలో బకమ్ సింగ్ అనే పంజాబీ సైనికుడి సమాధి ఉంది. 1907లో కుర్రాడిగా కెనడా వచ్చాడు. 1915లో కెనడా సైన్యంలో చేరాడు. యూరప్‌లో రెండుసార్లు గాయపడ్డాడు. క్షయతో ఈ ఊరి ఆస్పత్రిలోనే 1919లో పోయాడు, పాతికేళ్ళకే. అతను మొదట దిగిన బ్రిటిష్ కొలంబియాలో మనవాళ్ళకి ఓటు హక్కు 1947 దాకా లేదు, తెలుసా? ఓటు ఇవ్వని దేశం కోసం గాయపడ్డాడు. ఎప్పటికో ఇంగ్లండులో అతని పతకం ఒకటి అమ్మకానికొస్తే, కొన్న సిక్కు చరిత్రకారుడు ఆరా తీసి ఈ సమాధి కనిపెట్టాడు. ఆదివారం చామంతులు తీసుకుని వెళ్ళాను. బాబు "మన చుట్టమా?" అన్నాడు. అవునన్నాను.

మామ్మని మళ్ళీ అడిగాను, ఊరి పేరు తిరిగి మారిస్తే బాగుంటుందా అని. ఆవిడ చెప్పిన జవాబు, వాళ్ళ ఇంటిపేరు వెనక ఉన్న ఇంకో కథ రాద్దామనుకున్నాను గానీ బ్రేక్ అయిపోయింది, పిలుస్తున్నారు. ఈ కవరు ఇవాళే పోస్టులో వెయ్యాలి. పిన్నిగారికి నమస్కారాలు. కందిపొడి

నీ సరళ