జాబితా అడిగితే పద్ధతి నేర్పారు: మీ అందరికీ కృతజ్ఞతలు

చదువు కోసం వచ్చిన కొత్త నగరాన్ని ఆరుగురు స్నేహితులం కలిసి వారానికో వీధి చొప్పున తిరగాలి, అక్కడి తిండి బండ్ల దగ్గర తినాలి, చూడాలి, ఎలా అని మిమ్మల్ని అడిగాం. ఎక్కడ ఏది బాగుంటుందో నాలుగు పేర్లు చెబుతారనుకున్నాం. మీరు ఎంత తినాలో, ఏ వేళకు వెళ్లాలో, డబ్బు లెక్క ఎలా తేల్చుకోవాలో విడమరిచి చెప్పారు. ఓపిగ్గా చెప్పిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ ఏడు కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకూ పనికొస్తాయని ఆ మాటలన్నీ ఒకచోట పెడుతున్నాం.

"ప్లేటు ఒకటి, చెంచాలు మూడు" అన్న సీనియర్ అక్కకు మొదటి దండం. ఆరుగురికి రెండు ప్లేట్లు చాలు, మనిషికి మూడు నాలుగు ముద్దలు వస్తాయి. కడుపు నిండిన సంగతి మనకు తెలియడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. మొదటి బండి దగ్గరే తలో ప్లేటు లాగించేస్తే మూడో బండి చేరేసరికి ఎవరికీ తినాలని ఉండదు. అందుకే బండికీ బండికీ మధ్య పావుగంట నడక. వరసలో కారం తక్కువవి ముందు, ఘాటైనవి తర్వాత, తీపి ఆఖరున. నోరు ఒకసారి భగ్గుమన్నాక సున్నితమైన రుచులు తెలియవు. ఆ మంటకు నీళ్లు పనిచేయవు, ఎందుకంటే మిరపలో ఉండే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పాలో పెరుగో తీసుకుంటే వాటిలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీది నుంచి లాగేస్తుంది.

వంటపని చేసే అన్న చెప్పింది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆర్డర్ ఇచ్చే ముందు రెండు నిమిషాలు మూకుడు దగ్గర నిలబడి చూడమన్నారు. నూనె నల్లగా, జిగురుగా ఉండి, పైన నురగ చెదరకుండా నిలుస్తుంటే, మంట పెద్దగా లేకుండానే పొగ లేస్తుంటే అది మళ్లీ మళ్లీ కాగిన నూనె. జనం మూగారంటే సరుకు నిలవ ఉండడం లేదని మాత్రమే అర్థం, శుభ్రంగా ఉందని కాదు. డబ్బు తీసుకున్న చేత్తోనే వడ్డిస్తున్నారా, ప్లేట్లన్నీ ఒకే బకెట్టు నీళ్లలో ముంచి తీస్తున్నారా చూసుకోవాలి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. వండింది పొయ్యి దించి రెండు గంటలు దాటితే వదిలేయడమే మేలు, ఎండ మండిపోయే రోజుల్లో గంటే. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని అందులో ఉంటాయి. అన్నం బయట ఉండిపోతే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఐసు వేస్తే నీళ్లు శుభ్రమైపోతాయన్నదీ భ్రమే. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు.

నర్సింగ్ చదివే చెల్లెలు సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు (విరేచనాలైనప్పుడు ఒంట్లో తగ్గిన నీళ్లు, లవణాలు నింపడానికి నీళ్లలో కలుపుకుని తాగే పొడి) పెట్టుకోమంది. ఎక్కువమంది చేసే పొరపాటేమిటంటే, గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ కలిపి తాగడం. లీటరు ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరు శుభ్రమైన నీళ్లలో కలపాలి. చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా వెంటనే డాక్టర్ దగ్గరికి.

స్నేహాలు చెడేది చాలాసార్లు డబ్బు దగ్గరే. మొత్తం ఖర్చును ఆరుతో భాగిస్తే, మాంసం ముట్టనివాళ్లు దాని ఖరీదూ మోస్తారు, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు నోరు విప్పలేరు. అందుకని ప్రతి ప్లేటు పక్కన తిన్నవాళ్ల పేర్ల మొదటి అక్షరాలు అప్పటికప్పుడే రాసుకోమన్నారు. రాత్రికి ఒక్కొక్కరూ పెట్టిన డబ్బులోంచి, తిన్న ప్లేట్ల ఖరీదులో వాళ్ల వంతు తీసేయాలి. ఆ తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి. రాలేదంటే ఏదో ప్లేటు రాయడం మరిచారన్నమాట. తర్వాత అందరికన్నా ఎక్కువ బాకీ ఉన్నవాళ్లు, ఎక్కువ రావాల్సినవాళ్లకు ఇవ్వాలి. ప్రతి చెల్లింపుతో కనీసం ఒకరి లెక్క తేలిపోతుంది కాబట్టి ఆరుగురికి ఐదు చెల్లింపులు మించవు. ఈ చిట్కా చెప్పిన కామర్స్ మిత్రుడికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఇక నగరం చూడడం. సరుకు దిగే తెల్లవారుజామున మార్కెట్‌కు వెళితే ఆ ఊరు ఏం తింటుందో బుట్టల్లోనే కనిపిస్తుంది. మోత మోసేవాళ్ల దారికి అడ్డం నిలబడకూడదు, ఫోటోకు ముందు అడగాలి. వంట వేడిగా దొరికేది రద్దీ మొదలయ్యే వేళ. బండివాళ్లకు మాట్లాడే తీరిక దొరికేది రద్దీ తగ్గాక. కబుర్లు కావాలంటే రెండోసారి వెళ్లండి, గిరాకీ మధ్యలో ప్రశ్నలు వేసి వాళ్ల చెయ్యి ఆపొద్దు. గంటకు నాలుగు కిలోమీటర్లు నడవగలిగినా, ఆగుతూ తింటూ వెళితే రెండుకు మించవు. తిరిగొచ్చే ఆఖరి బస్సు వేళ చూసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కవేసుకోండి.

వేరుశనగ పడనివాళ్ల సంగతి గుర్తుచేసిన అమ్మకూ కృతజ్ఞతలు. "ఇందులో వేరుశనగ ఉందా" అని అడిగితే సరిపోదట, "ఏ నూనె, ఇదే మూకుట్లో ఇంకేం వేయించారు" అని కూడా అడగాలట. ఆ రెండు ప్రశ్నలూ మా ఖర్చుల పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకున్నాం.